ముందు మొరవ, తర్వాత కట్ట

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు ఉంది. దాన్ని ఎవరు వేయించారో, ఎలా వేయించారో చెప్పే సంస్కృత శాసనమూ ఉంది. శక సంవత్సరం 1291 నాటిది, అంటే క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి సీమను పాలించిన భాస్కర భవదూరుడు ఆ చెరువు వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి నూరు బండ్లు తిరిగాయని, రెండేళ్లకు పని ముగిసిందని అందులో లెక్క ఉంది. రాజుల వంశావళి, దానాల ప్రశస్తి చాలా శాసనాల్లో కనిపించేవే. ఈ శాసనంలో వాటితోపాటు మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు తగలకూడని ఆరు దోషాలు వరసగా చెప్పారు.

తిరుపతిలో సివిల్ ఇంజనీరుగా ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు, కల్యాణ మండపాలకు, లేఅవుట్లలో కాలువలకు డిజైన్లు గీయడం నా పని. వృత్తిలో నీ గురువెవరని ఎవరైనా అడిగితే నేను ఈ శాసనం పేరే చెబుతాను. కాలేజీ పుస్తకాలు నాకు లెక్క చేయడం నేర్పాయి. ఆ లెక్కను ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో ఈ రాయి నేర్పింది.

పన్నెండు అంగాలు ఇవి. ధర్మం తెలిసి, సంపద ఉండి, నిలిచే కీర్తి కోరే రాజు. జలశాస్త్రం చదివిన పండితుడు. గట్టి బంకమట్టి నేల. మూడు యోజనాల దూరం నుంచి పారివచ్చే తియ్యనీటి ఏరు. చెరువును ఆనుకుని కొండలు. ఆ కొండల నడుమ మరీ పొడుగు లేకుండా దిట్టంగా కట్టిన రాతికట్ట. పంటపొలాల వైపు తిరగని కట్ట కొసలు. విశాలమైన, లోతైన గర్భం. పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని. దగ్గర్లోనే చదునైన సారవంతమైన పొలాలు. వడిగా నీళ్లు వదిలే తూములు. ఆఖరుగా, ఈ పని చేతికి వచ్చిన మనుషులు.

ఇక దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు పడడం. చెరువు నడిమధ్యన మిట్ట ఉండడం. వచ్చే నీరు కొంచెమై, తడపాల్సిన ఆయకట్టు ఎక్కువ కావడం. నీరు ఎక్కువై, అది నిలిచే చోటు తక్కువ కావడం.

పన్నెండు అంగాలు చదివితే మంచి చెరువు ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆరు దోషాలు చదివితే, ఆ మాటలు చెప్పినవాళ్లు ఎన్ని చెరువులు చెడిపోవడం కళ్లారా చూశారో తెలుస్తుంది. చివరి రెండు దోషాలనే తీసుకోండి. ఎంత నీరు వస్తుంది, ఎంత నిలుస్తుంది, ఎంత పొలానికి చాలుతుంది అనే మూడు లెక్కలు ఒకదానికొకటి పొసగాలి. ఇప్పటి నీటిపారుదల ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చేదీ ఇదే. ఒక పనిని కాగితం మీద పెట్టే ముందే అది ఏయే దారుల్లో చెడగలదో రాసుకోవడం, ఆ చెడు దారులకు ఒక్కొక్కటిగా జవాబు వెతకడం, ఆ జవాబుల మొత్తాన్నే డిజైన్ అనడం: నా వృత్తిలో నేను నమ్ముకున్న సూత్రం ఇది. సూత్రం శాసనంలో దొరికినా, దాని ఆచరణ నాకు కనిపించింది మా చిత్తూరు వైపు చెరువుల మొరవల దగ్గర.

చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టడాన్ని మా వైపు మొరవ అంటాం. మిగతా చోట్ల అలుగనీ, కలుజనీ అంటారు. చెరువు చూడ్డానికి వెళ్లినవాళ్లు కట్ట ఎక్కి నీళ్లు చూసి వస్తారు. మా అమ్మ పుట్టిన ఊళ్లో నీరుగంటిగా, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషిగా, ఉండిన పెద్దాయన నన్ను ఎప్పుడూ కట్ట కొసన ఉన్న మొరవ దగ్గరికే తీసుకుపోయేవాడు. అక్కడ మట్టికట్ట ఆగిపోయి పుట్టురాయి మొదలవుతుంది. దాని మీద అడ్డంగా రాతి గోడ, గోడ తల మీద మోకాలెత్తు నిలువు రాళ్లు, రాయికీ రాయికీ మధ్య మూర కంటే కొంచెం ఎక్కువ ఎడం.

ఆ రాళ్ల వరస చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. పెద్దాయన చెబితేనే దాని విలువ తెలిసింది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టాక ఆ రాళ్ల సందుల్లో గడ్డి, కంప, మట్టి కలిపి కూరుతారు. అలా చేస్తే చెరువులో ఇంకో మోకాలి లోతు నీళ్లు ఆగుతాయి, చివరి కయ్యలకు ఇంకో తడి అందుతుంది. మళ్లీ మబ్బు పట్టిందంటే రాత్రనకా పగలనకా పోయి ఆ మట్టి తోసేయడం నీరుగంటి పని. ఏ కారణం చేతనైనా అతను రాలేకపోయినా ప్రమాదం ముదరదు. వరద ఎక్కుతుంటే ఆ గడ్డీ మట్టీ వాటంతట అవే కొట్టుకుపోతాయి. మొరవ రాళ్లు నిలుస్తాయి, కట్టా నిలుస్తుంది.

"కట్ట ఎవురైనా ఏస్తారు నాయనా," అనేవాడు. "నీళ్లు ఎక్కువైనప్పుడు యాడికి పోవాలో దోవ చూపించినోడే చెరువు కట్టినోడు."

ఆ నిలువు రాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. రాయి పాదం దగ్గర చెరువు నిండు మట్టం, రాయి తల దగ్గర వరద గరిష్ఠ మట్టం. కట్ట తల దానికంటే ఇంకా ఎత్తున ఉండాలి. చదువు రాని రైతు కూడా దూరం నుంచి ఆ రాళ్లను చూసి చెరువు ఎంత పదిలంగా ఉందో చెప్పగలడు. ఈ జాగ్రత్త అంతా ఎందుకంటే మట్టికట్ట నీటి బరువును పక్క నుంచి మోస్తుంది కానీ, నెత్తి మీదుగా నీళ్లు పొర్లితే తట్టుకోలేదు. పొర్లిన నీళ్లు వెలుపలి వాలును కోస్తాయి, కోత పైకి పాకుతుంది, కొన్ని గంటల్లో గండి పడుతుంది. అందుకే పొర్లే చోటును మనమే ఎంచుకోవాలి. రాయి ఉన్న చోట, పొలాలకూ ఊరికీ దూరంగా, కట్ట కంటే తక్కువ ఎత్తులో దాన్ని పెట్టాలి. చెరువుకు ముందు మొరవ ఎత్తు తేలాలి, ఆ తర్వాతే కట్ట ఎత్తు తేలుతుంది.

2021 నవంబరు మూడో వారంలో ఈ మాటలన్నీ మా జిల్లా మొత్తానికీ ఒక్కసారిగా అనుభవంలోకి వచ్చాయి. అల్పపీడనం తెచ్చిన వానకు శేషాచలం నుంచి దిగే ప్రతి వంకా నిండి పారింది. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. మాల్వాడి గుండం నీళ్లు తిరుపతి వీధుల్లోకి దిగాయి. స్వర్ణముఖి ఒడ్డు దాటింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు, విజయనగర రాజుల కాలం నాటిదని జనం చెప్పుకునే చెరువు, అంచుల దాకా నిండింది. కట్ట కింది వైపు నీరు ఊరడం మొదలైంది. పోరుమామిళ్ల రాతి మీద మొట్టమొదట చెక్కిన దోషం అదే. దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు పేర్చి, ఊట ఉన్న చోట కట్టను బలపరిచారు. కట్ట తెగలేదు.

నీటి ఊట గురించి మా ఇంజనీర్లకు ఒక పరీక్ష ఉంది, ఊళ్లలో పెద్దవాళ్లకూ అదే పరీక్ష ఉంది. కట్ట పాదం దగ్గర ఊరే నీటిని గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూస్తారు. నీరు తేటగా ఉంటే కట్ట ఊపిరి పీలుస్తోందన్నమాట, కంగారు పడాల్సింది లేదు, కాపలా ఉంటే చాలు. నీరు బురదగా ఉంటే, గ్లాసు అడుగున మన్ను పేరుకుంటే, కట్ట కడుపులోని మట్టి నీళ్లతో పాటు బయటికి వస్తోందని అర్థం. లోపల సన్నని గొట్టంలా దారి పడుతోంది, అది గంటగంటకూ లావవుతుంది. అలాంటప్పుడు ఊటను బిరడా పెట్టి మూసేయాలని చూస్తే నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయి. ఊట మీద ముందు ఇసుక, తర్వాత కంకర, ఆపైన రాళ్లు పరిచి, నీళ్లను రానిచ్చి మన్నును మాత్రం ఆపాలి. నీటికి దోవ ఇచ్చే కట్టడమే నిలుస్తుందనే మొరవ సూత్రం ఇక్కడ చిన్న కొలతలో మళ్లీ కనిపిస్తుంది.

అదే వారంలో, నవంబరు 19 తెల్లవారుజామున, రాజంపేట ఎగువన చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. దానికి పైనున్న పింఛా ప్రాజెక్టు దగ్గర అప్పటికే కట్ట కోసుకుపోయి, ఆ నీళ్లూ దీని మీద పడ్డాయి. స్పిల్‌వే 2.17 లక్షల క్యూసెక్కులు వదలగలిగితే, వచ్చిన వరద 3 లక్షల క్యూసెక్కులు దాటిందని ప్రభుత్వం ప్రకటించింది. దిగువ ఊళ్లలో ఇళ్లు పోయాయి, పశువులు పోయాయి, మనుషులు పోయారు. నీరు ఎక్కువ, చోటు తక్కువ. శాసనంలో ఆరో దోషం. ఆ వార్త విన్న రోజు నుంచి ఈ జాబితాను నేను పాత కాలపు విశేషంగా చదవడం మానేశాను. అది నా పని నియమావళి అయింది.

అప్పటి నుంచి మా ఆఫీసులో గీసే ప్రతి డ్రాయింగు కట్టకు మొదటి షీటు మీద ఒక పట్టిక ఉంటుంది. మొదటి గడిలో ఈ కట్టడంలో ఏది చెడగలదు అని రాస్తాం. రెండో గడిలో చెడినప్పుడు ఆ బరువు, ఆ నీరు, ఆ మంట ఎటు పోతుంది అని రాస్తాం. ఈ రెండు గడులూ నిండాకే స్తంభాల కొలతలకు వెళ్తాం.

మేడ పైకప్పు ఉదాహరణ చెబుతాను. వాన నీళ్లు దిగడానికి రెండు గొట్టాలు పెట్టడం అందరూ చేసేదే. ఎండుటాకులో, పాలిథిన్ సంచో అడ్డుపడి ఆ రెండూ మూసుకుపోతే? చుట్టూ పిట్టగోడ ఉంటుంది కాబట్టి పైకప్పు ఒక చిన్న చెరువు అయిపోతుంది. 15 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 150 కిలోల బరువు. మనుషులు తిరిగే పైకప్పు మీద మనుషులకూ సామాన్లకూ కలిపి డిజైన్‌లో లెక్కలోకి తీసుకునే బరువు దాదాపు అంతే. 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న పైకప్పు మీద అది 18 టన్నులు. అందుకని పిట్టగోడలో, పైకప్పు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఒక రంధ్రం పెట్టిస్తాను. మామూలు రోజుల్లో అది పొడిగానే ఉంటుంది. గొట్టాలు మూసుకుపోయిన రోజున నీళ్లు అక్కణ్ణుంచి, ఇంటి గుమ్మానికి ఎదురుగా, అందరికీ కనబడేలా పడతాయి. ఇంటివాళ్లు పైకెళ్లి గొట్టాలు శుభ్రం చేస్తారు. "ముందువైపు ఎందుకు సార్, వెనక సందులో పెడితే అందం చెడదు కదా" అని బిల్డర్లు అడుగుతారు. వెనక సందులో నీళ్లు పడితే ఎవరూ చూడరు. మొరవ కనబడే చోట ఉండాలి, కనబడితేనే అది జనానికి కబురు చెబుతుంది.

సెల్లారు ఉన్న అపార్ట్‌మెంటుకైతే ఇంకా జాగ్రత్త కావాలి. రోడ్డు మీద నిలిచే నీళ్లు లోపలికి దిగకుండా ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా ఒక గట్టు పెట్టిస్తాను. ఆ గట్టు దాటి కూడా నీళ్లు వస్తాయనుకునే మిగతాదంతా ఆలోచిస్తాను. కరెంటు ప్యానలు, జనరేటరు సెల్లారులో ఉండవు, నేలపైన మెట్టు ఎక్కించి పెడతాను. సెల్లారు నుంచి పైకి రావడానికి లిఫ్టుతో సంబంధం లేని మెట్ల దారి ఒకటి తప్పనిసరి. నీళ్లు వస్తే కార్లు తడుస్తాయి, అది నష్టమే. మనుషులు మాత్రం చీకట్లో చిక్కుకోకూడదు. నష్టం రాకుండా చేయడం మన చేతిలో లేని రోజున, ఏ నష్టాన్ని ఒప్పుకోవాలో, దేన్ని ఎట్టిపరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదో ముందే తేల్చుకోవాలి. మొరవ రాళ్ల మధ్య గడ్డి, మట్టి పెట్టినవాళ్లు చేసింది ఈ ఎంపికే.

కాంక్రీటు దూలం లోపల కూడా ఇదే ఆలోచన ఉంది. మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం దూలంలో ఉక్కు మరీ ఎక్కువ కాకూడదు. వినడానికి ఇది వింతగా ఉంటుంది. కమ్మీలు ఎక్కువ వేస్తే బలమే కదా అని మేస్త్రీలు కూడా అంటారు. ఉక్కు హద్దు మీరితే, మోయలేని బరువు పడిన రోజున కాంక్రీటు ముందు నలిగి దూలం ఒక్కసారిగా కూలుతుంది. ఉక్కు కొలతలో ఉంటే అది ముందు సాగుతుంది, దూలం వంగుతుంది, కింద పగుళ్లు తేలుతాయి, ఇంట్లోవాళ్లకు బయటికి వచ్చే వ్యవధి దొరుకుతుంది. భూకంపాలకు సంబంధించిన ఐఎస్ 13920లో 2016 సవరణ ఇంకో అడుగు వేసింది. ఒక కూడలి దగ్గర స్తంభాల బలం అక్కడ కలిసే దూలాల బలానికి 1.4 రెట్లయినా ఉండాలంది. చెడాల్సి వస్తే దూలం చెడాలి, స్తంభం నిలవాలి. స్తంభం పోతే పైఅంతస్తులన్నీ కిందికి వస్తాయి కాబట్టి, ఎక్కడ లొంగాలో ప్రమాణమే నిర్ణయించేసింది.

ఈ ఆలోచన మా జిల్లా నుంచే చంద్రుడి దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలో భాగం. అక్కణ్ణుంచి 2019 జులై 22న బయలుదేరిన చంద్రయాన్-2 లోని విక్రమ్ ల్యాండర్ సెప్టెంబరు 7న చంద్రుడి మీద దిగే క్షణాల్లో అదుపు తప్పి కూలిపోయింది. తర్వాతి ప్రయత్నం గురించి అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్.సోమనాథ్ చెప్పిన మాటను నేను మా ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకోదగినదిగా భావిస్తాను. చంద్రయాన్-2ను ఎలా విజయవంతం చేయాలన్న ఆలోచనతో డిజైన్ చేశామని, చంద్రయాన్-3ను ఏమేం విఫలం కాగలవు, అయినా ఎలా కాపాడుకోవాలి అన్న ఆలోచనతో డిజైన్ చేశామని ఆయన వివరించారు.

ఆ ఆలోచన వల్ల మారినవి చూస్తే అన్నీ చెరువు కట్టేవాడికి తెలిసిన మార్పులే. దిగాల్సిన చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. మొదటిసారి ఆ చిన్న చోటునే పట్టుకోవాలని ల్యాండర్ వేగం పెంచుకుంటూ పోవడం కూడా దాని నాశనానికి ఒక కారణం, ఈసారి దానికి కావలసినంత నేల ఇచ్చారు. కాళ్లను బలపరిచి, సెకనుకు 2 మీటర్ల బదులు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా చేశారు. ఇంధనం ఎక్కువ నింపారు. అయిదు ఇంజిన్లను నాలుగు చేశారు. ఏ వైపు వాలి దిగినా కరెంటు పుట్టేలా సౌర ఫలకాలను పెంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం ఒకటి కొత్తగా చేర్చారు. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కు శ్రీహరికోట నుంచి లేచిన ఆ నౌక ఆగస్టు 23 సాయంత్రం 6:04కు చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. చోటు చాలకపోవడం దోషమని పోరుమామిళ్లలో రాసినవాళ్లకు ఆ పెద్ద మైదానం ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పినవి లెక్కతో తేలేవి. శాసనంలో లెక్కకు లొంగని దోషం ఒకటుంది. అది మూడోది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు. ఇంజనీర్లు దీన్ని పాత కాలపు రాజకీయమని దాటేస్తుంటారు. నాకు మాత్రం ఆరింటిలోకీ ఇదే బరువైన దోషంగా అనిపిస్తుంది. మట్టిలోనో రాతిలోనో ఏ లోపమూ లేకపోయినా, ఎవరు చూసుకోవాలో తేలకపోతే చెరువు పోతుందని ఆ పెద్దలు చెబుతున్నారు.

రాయలసీమ చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మొరవ నీళ్లు కింది చెరువుకు రాబడి. మొరవకూ కింది చెరువుకూ మధ్య వంక బతికి ఉంటేనే గొలుసు పనిచేస్తుంది. ఇవాళ చెరువు ఒక శాఖ చేతిలో, వంక మీద వేసిన రోడ్డు ఇంకో శాఖ చేతిలో, వంక పక్కన లేఅవుటు వేరొకరి అనుమతితో, ఊళ్లోకి వచ్చాక అదే వంక మురుగు కాలువగా మరొకరి లెక్కలో ఉంటుంది. ఒక్కొక్కరి డ్రాయింగు విడిగా చూస్తే తప్పు కనిపించదు. కల్వర్టు రోడ్డుకు సరిపోతుంది, లేఅవుటు కాలువ లేఅవుటుకు సరిపోతుంది. వరద రోజున నీళ్లకు ఈ గీతలేవీ తెలియవు. రెండు రాజ్యాల సరిహద్దు ఇప్పుడు రెండు ఫైళ్ల మధ్యకు వచ్చింది.

పాతవాళ్లు ఈ దోషాన్ని ఎలా ఎదుర్కొన్నారో మా తిరుపతిలోనే సాక్ష్యం ఉంది. తిరుమల గుడి శాసనాలను దేవస్థానం తరఫున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు శ్రద్ధగా పరిశీలించి వెలుగులోకి తెచ్చారు. 15, 16 శతాబ్దాల శాసనాల్లో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. భక్తుడు స్వామి నైవేద్యానికని పణాలు సమర్పిస్తాడు. ఆ సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తారు లేదా బాగుచేయిస్తారు. కొత్తగా పారిన నీటితో పెరిగిన పంటలోంచి ఆ నైవేద్యం ఏటేటా జరుగుతుంది. చెరువులో పూడిక చేరితే స్వామి పళ్లెంలో ప్రసాదం తగ్గుతుంది. ఇంతకంటే గట్టి నిర్వహణ ఒప్పందం నేను చూడలేదు. ఊళ్లలో దశబంధం ఈనాములు కూడా ఇలాంటివే. చెరువు వేయించినవాడికి, దాన్ని కాపాడేవాడికి ఆ చెరువు కిందే భూమి ఇచ్చేవారు. కట్ట తెగితే అతని కయ్య కూడా ఎండుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచాక అక్కడికి పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కూడా నగరం గీత దగ్గర ఆగిపోలేదు. నగరంలో గోడలు లేపితే చాలదని, వరదకు ఊరి పైనే నిలిచే చోటు ఇవ్వాలని చెప్పారు. ఆ ఆలోచనతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ముంపు నగరంలో కనిపించినా, దాని మందు నగరం బయట ఉందని చూడగలగడమే ఆయన చూపు.

ఈ మూడో దోషమే మా ఆఫీసు పట్టికలో మూడో గడి పుట్టడానికి కారణం. చెడగలిగేది ఏది, చెడితే ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నల పక్కన, దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నది చేర్చాం. అక్కడ "యజమాని" అనో "సంబంధిత అధికారులు" అనో రాస్తే ఒప్పుకోను. పైకప్పు రంధ్రాన్ని వానాకాలానికి ముందు ఎవరు తెరిచి చూస్తారు? సెల్లారు పంపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? లేఅవుటు కాలువ నీళ్లు దాటి పోయే పక్క పొలం రైతుకు ఈ సంగతి తెలుసా, అతను ఒప్పుకున్నాడా? వాచ్‌మన్ అయితే వాచ్‌మన్ అనే రాయాలి, అతనికి నేర్పాలి, ఆ పనికి జీతంలో చోటుండాలి. నీరుగంటి ఉద్యోగమంటే ఇదే. పన్నెండు అంగాల్లో మొదటిది రాజు, ఆఖరుది పని తెలిసిన మనుషులు కావడాన్ని నేను ఇప్పుడు ఇలా అర్థం చేసుకుంటున్నాను: రాయీ మట్టీ నీరూ, వీటన్నిటి లెక్క ఆ రెండు చేతుల మధ్యన ఉంది.

కాలేజీల నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలు లెక్కల్లో దిట్టలు. సాఫ్ట్‌వేర్‌లో పది అంతస్తుల భవనాన్ని సాయంత్రంలోగా నిలబెడతారు. వాళ్లను మొదట చేయమనేది ఒక్కటే: కపిలతీర్థం దగ్గర కొండ పాదం నుంచి మొదలుపెట్టి, ఊరి మీదుగా నీళ్లు దిగే దారి పట్టుకుని నడవండి. వంక ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ రోడ్డు కిందికి పోయి కనబడకుండా పోయిందో, ఎక్కడ ఇళ్ల మధ్య ఆగిందో రాసుకుని రండి. వచ్చాక మీకిచ్చిన భవనానికి ఆరు దోషాలు రాయండి. అయిదు దొరికితే ఆరోది వెతకండి. కొందరు మొదట తడబడతారు. కట్టడానికి పిలిచి కూలిపోవడం గురించి రాయమంటున్నాడేమిటని వాళ్లకు అనిపించడం సహజం. తర్వాత తర్వాత వాళ్ల డ్రాయింగుల్లో మార్పు కనిపిస్తుంది. పైపు ఎక్కడ పెట్టాలన్న దాని కంటే ముందు పైపు మూసుకుపోతే ఏం చేయాలని అడుగుతారు. పొరుగు స్థలం వాళ్ల కాలువ లెవెల్ ఎంత అని అడుగుతారు. ఆ ప్రశ్న ఒక యువ ఇంజనీరు నోట విన్నప్పుడు నాకు కలిగే సంతోషం ఏ భవనం పూర్తయినప్పుడూ కలగలేదు.

వాళ్లతో చివరగా ఒక మాట చెబుతాను. మనం గీసే గీతల కింద బతికేవాళ్లలో చాలామంది మనల్ని ఎప్పటికీ చూడరు. మన మొరవ నీళ్లు వాళ్ల వాకిట్లోకి వెళ్తాయి. వాళ్లు మనకు డబ్బు ఇవ్వలేదు, మన డ్రాయింగు మీద సంతకం పెట్టలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు. అందుకే వాళ్ల తరఫున అడగాల్సింది మనమే. మూడో గడిలో పేరు రాయలేని డిజైన్‌కు, దాని లెక్కలు ఎంత సరిగ్గా ఉన్నా, ఇంజనీరు సంతకం పడకూడదు.